నారేపి గుంజ

మా పక్కింటి కాంచనక్క భయపడగా నేను చూసింది ఒక్కసారే. లేస్తున్న గోడకు కట్టిన సారవ కర్రల మీద ఇసుక తట్ట నెత్తిన పెట్టుకొని, కిందనున్న మేస్త్రీతో పోట్లాడుతూ నడిచే మనిషి ఆమె. ఊరవతల కొత్త చెప్పుల కంపెనీలు లేస్తున్న రోజులవి. గుడియాత్తంలో కట్టడం పనికి కొదవ లేదు, అక్క నోటికి ఎదురూ లేదు. అత్తగారు కుప్పమ్మవ్వ ముందు మాత్రం ఆ నోరు పెగిలేది కాదు.

కూతురు ఇందుమతి పెళ్ళికి ముందురోజు సంగతి. వాళ్ళింట్లో పెళ్ళి పందిరికి మొదటి గుంజ నారేపి మానుదే కావాలి. ఆ మానుకేమో మహా పొగరు, అన్ని కొండల్లో మొలవదు. పేర్ణాంబట్టు దాటాక ఒక రాతివాలులో గుంపుగా ఉంటుంది. పక్క కొండంతా గాలించినా తుమ్మా చిల్లా తప్ప అది కనబడదు. ఆ గుంజ నాటందే అవ్వ తాళి కట్టనివ్వదు.

దానికోసం వెళ్ళిన మరిది ఎల్లప్ప మధ్యాహ్నానికి వట్టి చేతులతో వచ్చాడు.

"ఫారెస్టోళ్ళు కొండెక్కనీలేదు వదినా. గంధం దొంగలని అందరినీ ఆపతా ఉండారు. కొడవలి చూస్తే కేసంట."

అక్క వాకిట్లోనే కూలబడింది. "తండ్రి లేని బిడ్డ. రేపు దానికి తలనొప్పి వచ్చినా గుంజ లేకనే అంటారు. నేనేం చేసేది?" అంది.

అవ్వ గడప మీద వక్క నములుతూ అంతా విన్నది.

"మా అమ్మగారిల్లు చిత్తూరు దిక్కు," అన్నది తాపీగా. "ఆడ మేము నాటేది నేరేడు. అప్పుడు మేముండిన కొండ పక్క వాగు లే, నేరేడు దొరకలే. అందుకని కోడలి పుట్టింటి మానుకు బదులు మా మామ నారేపి పట్టినాడు."

"ఈ మాట ఇన్నాళ్ళూ చెప్పలేదే అత్తా!"

"ఎవురడిగినారు?"

ఆ ముసలిదాన్ని అప్పుడు గిల్లాలనిపించింది నాకు.

"నీ పుట్టింట్లో ఏ మాను నాటతారమ్మా?" అని అవ్వే మళ్ళీ అడిగింది.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న అదే మొదటిసారి. అక్క ఎగాదిగా చూసింది. "మద్ది," అంది చివరకు. "జవ్వాది కొండ కింద మాకు ఏరు పారతాది. గట్టంతా మద్దిమాన్లే."

"మన ఏటి గట్టున ఉండాది గదా మద్ది? ఆ గట్టు మీది తోటాయన్ని అడిగి కొట్టుకొని రాండి. నీ తమ్ముడు వచ్చినాడు గదా, వాని చేతనే నాటించు."

అంతవరకు ఆ తమ్ముడు పెరుమాళ్ చుట్టపుచూపుగా వచ్చి, ఓ మూల మంచం మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. చీకటి పడకముందే పచ్చి మద్దిగుంజ భుజాన వేసుకొని వీధిలోకి వచ్చాడు. అవ్వే దానికి పసుపు పూసింది. అక్క వెక్కివెక్కి ఏడుస్తూ, "లోతుగా పాతరా నాయనా," అంటూ ఉంది.