పురుగుల మందు తాగించిన నెల

మీ పిల్ల పొద్దున లేవగానే తలనొప్పి అని ఏడ్చి, ఒక వాంతి చేసుకుని, మళ్లీ ఏమీ కానట్టు ఆడుకుంటుంటే మీరేం చేస్తారు? దిష్టి తీస్తారా? డాక్టరునై ఉండి నేనేం చేశానో చెబుతాను.

1961 వానాకాలంలో నన్ను మంచిర్యాలకు బస్సు దూరంలో ఉన్న ఒక చిన్న దవాఖానకు అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. హోదా పెద్దది, ఉన్నది నేను, ఒక కాంపౌండరు. వాంతులతో వచ్చిన ప్రతి పిల్లకూ అక్కడ కడుపులో నులిపురుగులు పోవడానికి పురుగుల మందు ఇవ్వడం ఆనవాయితీ. నేనూ ఇచ్చాను.

నేతపని చేసే నర్సయ్య తన ఎనిమిదేళ్ల కూతురు రాజవ్వను తెచ్చినప్పుడు పిల్ల కడుపు మీద పచ్చి వాతలున్నాయి. గాలి సోకిందని మంత్రగాడు కాల్చాడట. మూఢత్వం మీద నర్సయ్యకు అరగంట ఉపన్యాసమిచ్చి, పురుగుల మందు రాసి పంపాను. రెండు వారాలకు మళ్లీ వచ్చారు. మోతాదు పెంచాను.

నెల నిండాక పిల్ల తల్లి కూడా వచ్చింది.

"మగ్గానికి కండెలు సుట్టమంటే దారం అందుకుంటలేదు సారూ. నడుస్తే తూలుతున్నది. కల్లు తాగినవా పోరీ అని వాడకట్టంత నవ్వుతుండ్రు."

మందు సరిగా తాగించారా అని గద్దించాను.

"తాపినం. గా మంత్రగాడు కడుపుల గాలున్నదన్నడు, మీరు పురుగులున్నయన్నరు. ఇద్దరు సూడకుంటనే జెప్పిండ్రు. ఫరక్ ఏమున్నది సారూ?"

పిల్లను నడవమన్నాను. కాళ్లు ఎడంగా వేసి నాలుగడుగుల్లో పక్కకు ఒరిగింది. కంటి లోపల చూసే ఆఫ్తాల్మోస్కోపు బీరువాలో పెట్టెతో సహా పడి ఉంది, సెల్లులు చచ్చి. కాంపౌండరు టార్చిలైటులోవి తీసి వేశాను. రెండు కళ్లలోనూ నరం మొదలు ఉబ్బి, అంచులు చెరిగిపోయి ఉంది. పుర్రె లోపల ఒత్తిడి పెరిగితే అలా అవుతుంది. పడుకుంటే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది కనుకే పొద్దుటి వాంతి. చిన్నమెదడులో కణితి కావచ్చునని చీటీ రాసి, అదే రోజు హైదరాబాదు బండి ఎక్కించాను.

అక్కడ పుర్రె వెనుక భాగం తెరిచి కణితి తీశారు. పిల్ల బతికింది. చూపు పోయింది. నెల ముందు పంపి ఉంటే కళ్లు దక్కేవని సర్జను నాకు ఉత్తరం రాశాడు. మంత్రగాడి దగ్గర పోయింది వారం. ఆ నెల నాది.

చూడకుండా నమ్మడమే మూఢత్వం. వైద్యం చదివినంత మాత్రాన అది పోదు. కాబట్టి మీ పిల్ల పొద్దున తలనొప్పితో వాంతులు చేసుకుంటే, నడక తూలితే, చీటీ పుచ్చుకుని ఇంటికి రాకండి. కంటి లోపల చూడమని డాక్టరును అడగండి. చూసేదాకా కుర్చీలోంచి లేవకండి.