మరలకు ఏం రాయాలి?

ఇరవై ఆరేళ్లు టైపు నేర్పిన ఆవిడను ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక కూడా అందరూ టైపు టీచరమ్మ అనే పిలిచేవారు. ఇంట్లో చేతులు ముడుచుకుని కూర్చోవడం చేతకాక, షెడ్డులో ఏళ్ల తరబడి కదలని నాన్న కారు ఇంజను విప్పింది. మిషన్లు విప్పి బిగించడం ఆవిడకు కొత్త కాదు. కాకపోతే టైపు మిషన్లో నీళ్లు పారవు, నూనె పారదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇంజను పైన మూతలా ఉండే హెడ్డుకు పది బోల్టులు. ఏది ఎక్కడిదో మరిచిపోకుండా అట్టముక్కకు కన్నాలు పెట్టి వరసగా గుచ్చింది. తిరిగి బిగించే రోజున, లీకు కాకుండా ఆ మరలకు ఏం రాయాలన్నది తేలలేదు.

తమ్ముడు ప్లంబరు. "ఇందులో ఆలోచించేదేముందక్కా? తెల్ల టేపు చుట్టు, చుక్క జారితే నన్నడుగు" అన్నాడు.

హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్తే కొట్టాయన రెండు ట్యూబులు ముందు పెట్టాడు. "ఇది లీకు ఆపుతుంది. ఇది బోల్టు వదులవకుండా పట్టేస్తుంది."

"రెండూ ఒకటి కాదా?"

"కాదమ్మా."

"మరి నాకేది కావాలి?"

"మీ బోల్టు ఎక్కడ దిగుతుందో నాకేం తెలుసు?"

నిజం చెప్పాలంటే ఆవిడకూ తెలియదు. రెండూ కొనుక్కుని, లేతు పని చేసే బాబాయి దగ్గరికి వెళ్లింది. ఆయన నాన్నకు స్నేహితుడు. "మీ నాన్న నూనె రాసి బిగించేవాడు. అంతే" అని తేల్చేశాడు.

ముగ్గురిని అడిగితే మూడు రకాలుగా చెప్పారు. ఇంటికొచ్చి అట్టముక్క ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆరు బోల్టులు శుభ్రంగా ఉన్నాయి. నాలుగింటి చివరలు మాత్రం తుప్పుపట్టి ఇటుక రంగులో ఉన్నాయి. ఎందుకలా ఉన్నాయో కొరుకుడు పడక, అట్టతో సహా మళ్లీ బాబాయి దగ్గరికే పోయింది.

ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "ఈ నాలుగూ ఇంజనును చల్లబరిచే నీళ్లలో మునిగినవి. వీటికి లీకు ఆపే పేస్టు రాయాలి."

"నూనె చాలన్నారుగా?"

"అన్నాను. ఇవి చూడకముందు."

నాలుగింటికి పేస్టు, ఆరింటికి నూనె రాసి బిగించింది. తమ్ముడు మాత్రం ఊరుకోలేదు. నూనె ఒత్తిడి కొలిచి మీటరుకు చెప్పే చిన్న బుడ్డి మరకు మందంగా టేపు చుట్టి, తనే బిగించాడు.

ఇంజను పలికింది. నీటి చుక్క ఎక్కడా కారలేదు. కానీ మీటరు ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది. ఆవిడ గబుక్కున తాళం తిప్పి ఆపేసింది. నూనె అందక లోపల అరిగిపోయిందేమోనని భయపడింది. తమ్ముడు బుడ్డి విప్పి, "ఒక్కసారి తిప్పక్కా" అన్నాడు. నూనె ఎగజిమ్మి వాడి చొక్కా నిండా పడింది.

"నూనె ఉందని నీ చొక్కా చెబుతోంది, లేదని ముల్లు చెబుతోంది. దేన్ని నమ్మను రా?" అంది.

కబురు పెడితే బాబాయి వచ్చి బుడ్డి చేతిలోకి తీసుకున్నాడు. "దీనికి వైరు ఒక్కటే. కరెంటు తిరిగి పోయే దారి ఈ మరే. మీరు దానికి టేపు దుప్పటి కప్పి కరెంటు ఆపేశారు."

"పేస్టు రాస్తే మాత్రం అడ్డం పడదా?"

"పలచగా రాస్తే బిగించేటప్పుడు ఇనుముకు ఇనుము తగులుతుంది."

టేపంతా గోళ్లతో పీకి, పేస్టు అంటీ అంటనట్టు రాసి బిగించి, తాళం తిప్పింది. ఈసారి ముల్లు మెల్లగా లేచి మధ్యలో నిలబడింది. నాన్న కూర్చునే సీట్లో కూర్చుని దాన్నే చూసింది. తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకుని వీధి రెండుసార్లు చుట్టి వచ్చింది.

వారం తర్వాత ఆవిడ ఆ కొట్టుకు వెళ్లేసరికి ఎవరో కుళాయి చేతబట్టుకుని నిలబడి ఉన్నాడు. కొట్టాయన ఆవిడను చూపించి, "ఈవిడ ఇంజనే బిగించారు, అడగండి" అన్నాడు.

"దీనికి టేపా, పేస్టా అమ్మా?"

ఆవిడ కుళాయిని అటూ ఇటూ తిప్పి చూసింది. "నాకు తెలియదండీ. మా తమ్ముణ్ని అడగాలి" అంది.