కొంగు కింది చేతులు

మా అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. అవ్వ పోయిన తొమ్మిదో రోజున అన్న మెట్‌పల్లి స్టూడియో నుంచి ఫోటో కట్టించుకొచ్చాడు. పెద్దకర్మ నాటికి గోడకు పెట్టాలి కదా. చుట్టిన కాగితం విప్పగానే నాకు ఒళ్లు మండింది. మొహం అవ్వదే. మెడ కింది నుంచి మాత్రం ఎవరో దొరసాని. పట్టుచీర, రెండు వరుసల గొలుసు, ఒళ్లో తీరిగ్గా పెట్టుకున్న తెల్లటి చేతులు, వేలికి ఉంగరం.

మా వైపు ఇది మామూలే. పోయినవాళ్ల మొహం ఇస్తే చాలు, మిగతాదంతా స్టూడియోలో సిద్ధంగా ఉంటుంది. మా వాడలోనే నలుగురు ముసలమ్మలు ఇదే చీర కట్టుకొని గోడల మీద కూర్చున్నారు.

"మంచిగ లేదా?" అన్నాడు అన్న.

"మంచిగనే ఉంది. అవ్వేది?" అన్నాను.

ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ మంచం మీద పరిచాను. అన్న పెళ్లి, నా పెళ్లి, బాసరలో మనవరాలి అక్షరాభ్యాసం. అన్నిట్లోనూ అవ్వ ఓ చివరన నిలబడి ఉంది. అన్నిట్లోనూ చేతులు కొంగు కిందే. ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన వేళ్లు అవి. తంబాకు మరక ఏ సబ్బుకూ లొంగలేదు.

ఆ చేతులు కనిపించేది ఒక్క ఫోటోలోనే, అది నా ఫోన్‌లో ఉంది. అరుగు మీద కూర్చుంది, ఒళ్లో చాట, చాట నిండా కత్తిరించిన తునికాకు. బొటనవేలు బీడీ మొన మడుస్తోంది. చెప్పకుండా తీశానని కోప్పడింది.

"గిదేం ఫోటోనే, చేతులన్ని నల్లగున్నయ్. తీసెయ్."

"తీసేసిన అవ్వా" అని అబద్ధం చెప్పాను.

అన్నకు అదే చూపించాను.

"పిచ్చా నీకు? సుట్టాలొస్తరు. బీడీల చాట గోడకు పెడ్తరా ఎవరన్న?"

"గా చాటనే నిన్ను బడిల సారును చేసింది. సిగ్గయితే వచ్చినోళ్లను మొహం తిప్పుకొమ్మను."

అన్న తను తెచ్చిన ఫోటోను మళ్లీ కాగితంలో చుట్టేశాడు. స్టూడియోకు నేనే పోయాను. అక్కడి అబ్బాయి ఫోటోను కంప్యూటర్లో చూసి, "చాట తీసేద్దామా అక్కా? వేళ్లన్న జర తెల్లగ చేస్త" అన్నాడు. ఒక్క మరక ముట్టుకున్నా తీసుకోనని చెప్పి, ఫోటో చేతికొచ్చేదాకా అతని పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాను.

పెద్దకర్మకు చుట్టాలు వచ్చారు, చూశారు. కొందరు గుసగుసలాడుకున్నారు. ఆడుకోనీ. అవ్వతో పాటు బీడీలు చుట్టిన పక్కింటావిడ మాత్రం చాలాసేపు ఫోటో ముందే నిలబడింది. తర్వాత కొంగు కింది నుంచి రెండు చేతులూ తీసి దండం పెట్టింది.

అవ్వ ఉంటే ఒప్పుకునేదా? ఒప్పుకునేది కాదు, నాకు తెలుసు. ఆ చేతులు దాచుకోకవ్వా అని ఆమె బతికుండగా ఒక్కనాడూ అనలేకపోయాను. ఆ బాధ నాకుంది. నా అబద్ధం ఇప్పుడు అద్దం బిగించుకొని గోడ మీద ఉంది. కోప్పడితే కోప్పడనీ, నేను మాత్రం తీయను.