చిన్నాయన, చిన్నమ్మ, ఒక టెస్టర్

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో ఫోనుంటే పక్కన పెట్టండి. చిక్కుడుకాయలుంటే ఒలుస్తూనే వినండి, నాకేం అభ్యంతరం లేదు. మా చిన్నమ్మకు కరెంటు వైద్యం చేయించిన సంగతి చెబుతాను. ఇది బయట చెప్పొద్దని మా ఇంట్లో చాలామంది అన్నారు. అందుకే చెబుతున్నాను.

ఆ రోజుల్లో మనిషికి కాలు విరిగితే ఊరంతా వచ్చి చూసిపోయేది, మనసు విరిగితే మాత్రం ఇంటివాళ్లే తలుపేసేవాళ్లు. ఇప్పుడు మారిందా అంటే, ఏమో, తలుపు కొంచెం తెరిచి చూస్తున్నారు. నాకప్పుడు ఇరవై నిండలేదు. ఏడో తరగతితో చదువు ఆగింది. సూర్యాపేటలో నర్సింగ్ చదివే ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేదాన్ని కనుక నేనూ సగం నర్సునేనని నా నమ్మకం. (నా చారు నీళ్లలాగా ఉంటుందని ఆ పిల్లలు నాకు 'సెలైనక్క' అని పేరు పెట్టారు. కోపం వచ్చేది, కానీ అబద్ధం కాదు కదా అని ఊరుకున్నాను.) మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, వేములపల్లిలో ఉండేది. చిన్నాయనకు మిర్యాలగూడలో కాలిపోయిన మోటర్లకు వైండింగ్ చేసే షాపు. చిన్నమ్మ మాట మొదలుపెడితే ఎదుటివాళ్లకు ఊపిరి తీసుకునే సందు దొరికేది కాదు. అలాంటి మనిషి ఒక నాట్ల కాలంలో మాట తగ్గించింది, తర్వాత మానేసింది, ఆ తర్వాత అన్నం కూడా మానేసింది. ముద్ద పెడితే బుగ్గలోనే ఉండిపోయేది. తాయెత్తులు కట్టించారు, దిష్టి తీయించారు, గాలి సోకిందన్నారు. మనిషి మంచానికి అతుక్కుపోతుంటే నేను వెళ్లి కొట్లాడి సూర్యాపేట దవాఖానకు తెప్పించాను.

డాక్టరు సారు చూసి, మందులు పనిచేసేదాకా ఆగే శక్తి ఈమె ఒంట్లో లేదు, కరెంటు వైద్యం చేద్దాం, ఒప్పుకుంటే సంతకం పెట్టండి అన్నాడు. చిన్నాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"సారూ, నా పెండ్లి కాకముందు సంది నేను మోటర్లు సూస్తున్న. వోల్టేజి జర ఎక్కువొస్తే రాగి తీగలే మాడి బొగ్గయితయి. మనిషి తలకాయ ఆగుతదా?"

"మత్తు ఇచ్చి చేస్తామండీ. చాలా కొంచెం కరెంటు, కొన్ని సెకండ్లు. ఆమెకు తెలియనే తెలియదు."

"గది సరే సారూ. మీ తాన స్టెబిలైజర్ ఉన్నదా?"

డాక్టరు సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చిన్నాయన సంతకం పెట్టనని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.

నాకేం, నర్సుల సైన్యం ఉంది కదా, వాళ్లతో చెప్పిస్తే చిన్నాయన వింటాడు అనుకుని హాస్టల్‌కు పరుగెత్తాను. తీరా అడిగితే సైన్యం నాకంటే ముందు బెదిరింది. తుంగతుర్తి పిల్ల అన్నం కలుపుతున్న చెయ్యి అట్లాగే పెట్టుకుని, "అయ్యో, వద్దే సెలైనక్కా! సినిమాల సూడలే? మంచానికి కట్టేసి పెడ్తరు. ఇగ మనిషి పిచ్చిసూపులే సూస్తది" అంది. ఇంకో పిల్ల, "ఆ పాఠం మాకు చెప్పిన్రక్కా. పరీక్షల రాదని నేను వదిలేసిన" అంది. కోదాడ నుంచి వచ్చిన ఒక కళ్లద్దాల పిల్ల మాత్రం గొంతు సవరించుకుని, "అట్టా ఏం కాదక్కా. మత్తు ఇస్తారు, ఒళ్లు బిగుసుకోకుండా మందు ఇస్తారు. నొప్పే తెలవదు. పుస్తకంలో చక్కగా రాశారు" అంది.

"నువ్వు సూసినవా?" అన్నాను.

"చూడలేదక్కా."

"మరి మీ అమ్మకు గిట్ల అయితే పెట్టిస్తవా?"

ఆ పిల్ల పళ్లెంలో చారు మెతుకులు ఒక పక్కకు నెట్టింది. "పెట్టిస్తాను" అంది. మళ్లీ తనే, "భయపడుకుంటానే పెట్టిస్తాను" అంది.

నాకు ఆ రెండో మాటే నచ్చింది. అక్కడి నుంచి నేరుగా చిన్నాయన దగ్గరికి పోయాను. "సిన్నాయినా, మోటరు పూర్తిగ కాలినంక షాపుకు తెస్తే నువ్వు తిడ్తవా లేదా? వాసనొచ్చినప్పుడే తేవొద్దారా అని అంటవా లేదా? మరి సిన్నమ్మ సంగతి నీకు వాసన రాలేదా? సంతకం పెడ్తే పెట్టు. లేకపోతే నేను గీ మెట్ల మీదనే కూసుంట. తిన, వండ."

"నువ్వు వండకపోతే ఆ హాస్టల్ పిల్లలు బతికిపోతరు పో" అన్నాడు చిన్నాయన. అని, కళ్లు తుడుచుకుని, లోపలికి పోయి సంతకం పెట్టాడు.

వైద్యం రోజు ఆ పిల్లలకు అదే వార్డులో డ్యూటీ పడింది. వాళ్ల మేడం వచ్చి చూస్తే, తెల్లటి యూనిఫాం కింద నల్లబూట్లు ఉండాల్సిన చోట అందరికీ రంగురంగుల హవాయి చెప్పులు! ఇది మా చిన్నాయన పుణ్యమే. మోటరు ముట్టుకునేటప్పుడు కాళ్ల కింద రబ్బరు ఉండాలని ముందురోజు ఒక్కొక్కరినీ పిలిచి చెప్పాడు. తుంగతుర్తి పిల్ల, "మేడం, పేషెంటును ముట్టుకుంటే షాక్ కొడ్తదని..." అని నసిగింది. మేడం నవ్వాలో ఏడవాలో తెలియక గోడవైపు తిరిగింది. పుస్తకం చదివిన కోదాడ పిల్ల కాళ్లకూ నీలం చెప్పులే. బయట బెంచీ మీద కూర్చున్న నా కాళ్లకూ అవే. (నేను లోపలికే పోనని తెలిసి కూడా!) అయితే ఆ కోదాడ పిల్ల నావైపు ఒకసారి చూసి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వట్టి కాళ్లతో లోపలికి పోయింది.

కాసేపటికి బయటికొచ్చి, "మత్తు ఎక్కేదాకా పిన్ని చెయ్యి నేనే పట్టుకున్నానక్కా. తర్వాత పక్కకు జరగమన్నారు. కాలివేళ్లు కాస్త వణికాయి, అంతే. ఇంతోటి దానికా అంత భయపడింది మనం?" అంది.

అయినా చిన్నాయన నమ్మాలి కదా! చిన్నమ్మను మంచం మీదికి తెచ్చాక ఎవరూ చూడట్లేదనుకుని, జేబులోంచి టెస్టర్ తీసి ఆమె మడమకు ఆనించాడు. లైటు వెలగలేదు. "ఏం లేదు" అని నాకు సైగ చేశాడు. వైద్యం అయిన ప్రతిసారీ అదే పని. నర్సమ్మలు కూడా అలవాటుపడి, "అయ్యా, టెస్టింగ్ అయిందా? అన్నం పెట్టొచ్చా?" అనేవాళ్లు. చిన్నమ్మ మెల్లగా ముద్ద మింగసాగింది, మనిషి కదిలితే అటు కళ్లు తిప్పసాగింది. మాట మాత్రం రాలేదు. ఒకరోజు చిన్నాయన దుప్పటి లేపి టెస్టర్ పెట్టబోతుంటే దిండు మీంచి గొంతు వినిపించింది.

"ఏందయ్యా, నేనేమన్న మోటర్నా? అది అవతల పెట్టి జర చాయ్ తే."

వార్డంతా నవ్వు. చిన్నాయన చాయ్‌కని పోయి ఎంతకీ రాలేదు. హోటలు వెనక నిలబడి ఏడ్చాడట. తెచ్చిన చాయ్ చల్లారిందని చిన్నమ్మ తిట్టింది. ఆ తిట్టు వింటుంటే మాకు కడుపు నిండింది.

ఇంటికి పోయేటప్పుడు, ఎవరడిగినా గ్యాస్ నొప్పని చెప్పమని చిన్నాయన మాకు పాఠం నేర్పాడు. మిర్యాలగూడ బస్సులో వేములపల్లి ఆమె ఒకతె, "ఏమైందే మీ సిన్నమ్మకు?" అని అడగనే అడిగింది. నేను లేచి నిలబడ్డాను. "మనసుకు జబ్బు చేసింది. కరెంటు వైద్యం చేయించినం, మంచిగైంది. ఇంకేమన్న అడిగేదున్నదా?" చిన్నాయన కిటికీలోంచి పొలాలు లెక్కపెడుతున్నట్టు కూర్చున్నాడు. చిన్నమ్మ మాత్రం కొంగు సర్దుకుని, "జర గట్టిగ చెప్పు బిడ్డా, డ్రైవరుకు ఇనవడలే" అంది.

మందులు చాలాకాలం వాడింది. ఆ దవాఖాన రోజులు మాత్రం ఆమెకు సరిగా గుర్తులేవు. కరెంటు వైద్యంతో కొంత మరుపు వస్తుందని డాక్టరు సారు ముందే చెప్పాడు. నేను మెట్ల మీద చేసిన వీరత్వం కూడా ఆ మరుపులోనే పోయింది, అదొక్కటే నా బాధ. చిన్నమ్మ ఇంటికి పోయినప్పుడల్లా నేనే చెబుతాను, చెప్పినప్పుడల్లా కొంచెం పెంచుతాను. "పోవే, నువ్వు అన్నం మానేస్తవా!" అని నవ్వుతుంది. ఇప్పటికీ నేను సూర్యాపేటలో నర్సింగ్ పిల్లలకే వండుతున్నాను. చారు చిక్కబడింది. ఏటా కొత్త పిల్లలు వస్తారు, ఏటా ఎవరో ఒకరు, "ఆంటీ, కరెంటు పెడితే మనిషి ఏమైతది?" అని అడుగుతారు. "చల్లటి చాయ్ ఇస్తే తిడ్తది" అంటాను. అప్పుడు నాకు ఆ బెంచీ మీద నీలం చెప్పులు కాళ్లకు గట్టిగా బిగించుకుని, లోకాన్నంతా కొట్టడానికి సిద్ధంగా కూర్చున్న ఆనాటి సెలైనక్క కనిపిస్తుంది. ఎంత భయం దానికి! ఎంత పొగరు! ఆ భయం పోయింది, పోనీ. ఆ పొగరు కొంచెం మిగిలితే బాగుండేది.

ఇంతసేపు విన్న మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ మోటర్లు కాలకూడదు, మీ పొయ్యి మీద చాయ్ చల్లారకూడదు. మీ ఇంట్లో ఎవరికైనా మాట ఆగిపోతే, చెయ్యి పట్టుకునేందుకు చెప్పులు విడిచి లోపలికి వచ్చే మనిషి ఒకరు మీకు దొరకాలి.