నలుగురి ఇంట్లో అంత పులిహోర

2022 శరత్కాలంలో నన్ను మా నగర కార్యాలయంలో గృహ విభాగానికి మార్చారు. కేంబ్రిడ్జ్‌కు దగ్గరలోని ఊరు మాది. నా హోదా ప్రోగ్రామ్ ఆఫీసర్. నా పైన మేనేజరు, అందరికీ పైన కౌన్సిల్. రిటైర్మెంటుకు చేరువలో కొత్త పని నేర్చుకునే అవకాశం ఇచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుని చేరాను.

అప్పట్లో కాలేజీలకు విద్యార్థులు వెల్లువలా వస్తున్నారు. ఇల్లు చేతులు మారిందంటే అందులో అద్దెకున్నవాళ్లు వీధిన పడుతున్నారు. అందుకని స్థానికులు కొందరు కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్ట్ పెడతామని ముందుకొచ్చారు. ట్రస్టు కొన్న నేల మళ్లీ అమ్మకానికి రాదు. అందువల్ల అక్కడి అద్దె మార్కెట్ వెంట పరుగెత్తదు. ట్రస్టు మొదలుపెట్టడానికయ్యే లాయరు ఖర్చు, మొదటి ఇంటి అడ్వాన్సు నగరం ఇవ్వాలా వద్దా అన్నది కౌన్సిల్ తేల్చాలి. కౌన్సిల్ ముందుకు వెళ్లే నివేదిక రాయడం నా పని.

నిధులకు ఒక షరతు ఉంది. కొన్న ఇంట్లో అప్పటికే ఉంటున్నవాళ్లను పంపేయకూడదు. కొనేముందు నగరం చేసే సర్వేలో పేరున్న ప్రతి ఒక్కరికీ ట్రస్టు లీజు ఇవ్వాలి. పేరు లేనివాళ్లకు ఆ రక్షణ లేదు.

ట్రస్టు ఎంచుకున్న మొదటి ఇంట్లో తెలుగు అమ్మాయిలు ఉండేవారు. యజమాని ఇల్లు మొత్తానికి ఒకటే అద్దె తీసుకునేవారు, ఎంతమంది ఉన్నారో అడిగేవారు కారు. సర్వేకు నేనే వెళ్లాను. తలుపు తీసిన ఒంగోలు అమ్మాయి సౌజన్య నా బొట్టు చూసి వెంటనే తెలుగులోకి వచ్చేసింది. “మేం నలుగురమే ఆంటీ,” అంది, నేనింకా అడగకముందే.

వంటింట్లో పెద్ద పళ్లెం నిండా పులిహోర ఆరబోసి ఉంది. చిన్నప్పుడు బడికి పంపకుండా మా నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. కనబడినదాన్ని అడిగి తెలుసుకోవడం అక్కడ అబ్బిన అలవాటు. నలుగురికి ఇంత ఎందుకమ్మా అన్నాను.

“రేపు లంచ్‌కి కూడా ఆంటీ.”

పక్కనున్న వరంగల్ అమ్మాయి రజిత, “ఇది మస్తు తింటది ఆంటీ, మీకు తెల్వదు,” అంది. సౌజన్య దాన్ని మోచేత్తో పొడిచింది.

ఇద్దరూ నవ్వారు గానీ సౌజన్య కళ్లు బేస్‌మెంట్ మెట్లవైపే ఉన్నాయి. నాకు విషయం అర్థమైంది, కింద ఐదో మనిషి ఉంది. నన్ను నగర నిబంధనలు చూసే బైలా ఆఫీసరునని, ఎక్కువమంది ఉంటే జరిమానా వేయిస్తానని అనుకున్నారు. తమను కాపాడుకోవడానికి దాచిన మనిషే ఇల్లు అమ్ముడైన రోజున బయటికి పోవాల్సి వస్తుంది.

లీజు సంగతి చెప్పాను. “మరి మీరు చూసింది బైలా వాళ్లకి చెప్పరా ఆంటీ?” అని సౌజన్య అడిగింది. తెలియకుండా మాట ఇవ్వలేను, కనుక్కుని వస్తానన్నాను.

మా మేనేజరు మార్గరెట్ ఓపికగా విన్నారు. ఆ ఓపికకు ఇప్పటికీ నేను కృతజ్ఞురాలిని. సర్వేలోని పేర్లు మా విభాగం, ట్రస్టు దాటి పోవని ఆమె రాతపూర్వకంగా ఇచ్చారు. అయితే మంటలు లేస్తే బయటపడేందుకు సరిపడా కిటికీ లేని గదిలో ఎవరైనా పడుకుంటుంటే చూడనట్టు ఊరుకోలేమని కూడా చెప్పారు.

మళ్లీ వెళ్లి రెండు మాటలూ చెప్పాను. సౌజన్య మెట్ల దగ్గరికి వెళ్లి కిందికి కేకేసింది. తర్వాత బేస్‌మెంట్ మెట్లెక్కి కరీంనగర్ అమ్మాయి శ్రావణి వచ్చింది. గోదాములో షిఫ్టు చేసి వచ్చినట్టుంది, ఇంకా జాకెట్ విప్పలేదు.

“కింద పండొద్దంటరు. మరి నేనేడికి పోవాలె ఆంటీ?”

“కిటికీ పెట్టేదాకా హాల్లో పడుకుంటది,” అంది రజిత. “గురక పెడితే మాత్రం మళ్లా కిందికే.”

శ్రావణి పేరు రాసుకున్నాను. కిటికీ ఖర్చును నివేదికలో విడిగా చూపించాను. అలాంటి గది ఉన్న ఇల్లు మొదటి ఇల్లుగా ఎందుకని ఒక కౌన్సిలరు గట్టిగానే అడిగారు. అయినా నిధులు మంజూరయ్యాయి, ట్రస్టు ఇల్లు కొంది. కిటికీ పూర్తయ్యాక లీజులు ఇచ్చారు, అందులో శ్రావణిది ఒకటి.

జనం అబద్ధం చెబుతారని సర్వే చేసేవాళ్లు ఫిర్యాదు చేస్తుంటారు. తన జవాబు ఎవరికి చేరుతుందో తెలియని మనిషి తనకు క్షేమమనిపించిందే చెబుతుంది. తర్వాత నేను వెళ్లిన ప్రతి ఇంట్లోనూ మొదటి ప్రశ్నకు ముందే, జవాబు ఎక్కడికి పోతుందో, దేన్ని నేను దాచలేనో చెప్పేదాన్ని. కొందరు అది విని తలుపు వేసుకున్నారు. మాట్లాడినవాళ్ల జవాబులు మాత్రం నివేదికలో నిలబడ్డాయి.