అక్క రుచి చూడవలసిన టమాటా

మొన్న ఆగిరిపల్లి వెళ్లే దారిలో ఒక నర్సరీ దగ్గర కారాపించి, పెరట్లో పెట్టుకోవడానికి కాసిని టమాటా మొక్కలు అడిగితే, అక్కడి ఆవిడ ట్రేలోంచి నారు తీసి నా చేతిలో పెడుతూ, "ఆకుముడత భయం లేదండీ, ఇది తట్టుకునే రకం" అంది, కొత్తిమీర తాజాగా ఉందని చెప్పినంత తేలిగ్గా. మొక్కలు ఒళ్లో పెట్టుకుని కారెక్కాను. ఆ ఒక్క ముక్క అనిపించడానికి మా తరంలో కొందరం వయసంతా ఎండలోనూ, దోమతెరల గుడారాల్లోనూ గడిపేశాం. నా మటుకు నాకు అది మా అక్క కథ కూడా.

మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. రొమ్ములో గడ్డ. ఆ రోజుల్లో ఆడవాళ్లు ఇలాంటివి ఎవరితోనూ చెప్పుకునేవారు కాదు; చెప్పేసరికి చేయి దాటిపోయేది. అప్పటికి కొత్తగా కాపురానికి వెళ్లిన అక్క, పుట్టింటికొచ్చి అమ్మను సాగనంపి, తిరిగి వెళ్తూ తన పెట్టెతోపాటు నన్నూ వెంటబెట్టుకుపోయింది. బావగారిది ఆగిరిపల్లి, ఎర్రనేల, అప్పుడే రసాలూ బంగినపల్లీ అంట్లు నాటారు. మామిడి పెరిగి నీడ కమ్మేదాకా వరసల మధ్య నేలను ఖాళీగా వదలడం ఎందుకని టమాటా వేసేవారు. ఇప్పటి కాయల్లా నున్నగా గుండ్రంగా ఉండేవి కావవి; నొక్కులు పడి, తొక్క పల్చగా, పులుపు నషాళానికి అంటేలా ఉండేవి. అక్క చేనుగట్టునే కాయ కోసి, కొంగుతో తుడిచి, కొరికి, కళ్లు మూసుకుని ఓ క్షణం ఆగేది. ఆ తర్వాతే ఆ పూట పప్పులోకా, పచ్చడిలోకా అన్నది తేలేది. రుచి విషయంలో ఆవిడ మాటకు మా ఇంట్లో తిరుగులేదు.

నేను వ్యవసాయ కాలేజీలో చదువుతుండగా ఒక ఏడు ఆ చేలోకి ఆకుముడత వచ్చింది. సెలవులకు వెళ్లేసరికి ఆకులు పైకి ముడుచుకుని దొప్పల్లా అయిపోయి, మొక్కలు గిడసబారి, పూత రాలిపోతోంది. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది. ఎవరేం మందు చెబితే అది తెచ్చి కొట్టారు. ఆఖరికి అక్క తనే కొంగు బిగించి, ఒక్కో మొక్కా పీకి గట్టున పోగేస్తూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"మందుకి దోమ చస్తది గానీ వచ్చిన రోగం పోదంట గదే. మరి దీనికి మీ చదువుల్లో ఏవీ లేదా?"

ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. చదువయ్యాక కూరగాయల పరిశోధనా క్షేత్రంలో ఉద్యోగం దొరికి, ఏ పని మీద ఉంటావని పైఅధికారి అడిగినప్పుడు, నాకు గట్టుమీది ఆ పోగే గుర్తుకొచ్చి టమాటా అన్నాను.

ఎక్కడో సముద్రాల అవతల కొండల్లో పుట్టిన అడవి టమాటా ఒకటి మా క్షేత్రంలో ఉండేది. గోలీకాయంత పచ్చటి కాయలు, వాటి నిండా నూగు, ముట్టుకుంటే చేతికి ఘాటైన పసరు వాసన. తినడానికి పనికిరాదు గానీ, దాన్ని ఆకుముడత ఏమీ చేయలేకపోయేది. మన మొక్క పువ్వు విచ్చకముందే పట్టకారుతో కేసరాలు తీసేసి, అడవి మొక్క పుప్పొడి అద్ది, కట్టిన కాయలోని గింజలు నాటేవాళ్లం. పుట్టిన పిల్లమొక్క రోగాన్ని తట్టుకునేది. ఆ గుణం ఒక్క వైపు నుంచి వచ్చినా చాలు, పైకి కనిపిస్తుంది. కాయ మాత్రం అడవిదాని పోలికే. దాన్ని మళ్లీ మన మొక్కతో కలపాలి, వచ్చిన నారును తెల్లదోమల మధ్య గుడారంలో పెట్టాలి. ఇంచుమించు సగం ముడుచుకుపోతాయి, సగం నిలబడతాయి. నిలబడినవాటిని మళ్లీ మన మొక్కతో కలపాలి. ఇలా ఏళ్లకేళ్లు. కాయ పెరిగింది, ఎర్రబడింది, నూగు పోయింది. చేదు మాత్రం పోలేదు. తట్టుకునే గుణాన్ని అంటిపెట్టుకునే ఆ చేదు కూడా దిగుతోంది. రెండూ ఎప్పుడో ఒక మొక్కలో విడిపోవాలి, అది మన కంటపడాలి.

ప్రతి పంటకూ నాలుగు కాయలు సంచిలో వేసుకుని, మొదట బస్సులోనూ తర్వాత మోపెడ్ మీదా అక్క దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. కొరికి, కళ్లు మూసుకుని, మొహం చిట్లించేది. "ఇది కాయ కాదే, కషాయం" అనేది ఒకసారి. "పోయినసారి కంటే నయమే, కానీ చివర్న నాలిక పట్టేస్తంది" అనేది ఇంకోసారి. మా క్షేత్రంలో పెద్దలు ఎంత మెచ్చుకున్నా నాకు నమ్మకం కుదిరేది కాదు. అక్క మొహం విప్పారితేనే పని పూర్తయినట్టు.

ఇంతలో అమ్మకొచ్చినదే అక్కకొచ్చింది. ఈసారి దాచలేదు, బావగారు వెంటనే బెజవాడ తీసుకెళ్లారు. ఒకనాడు ఆస్పత్రి వరండాలో బెంచీ మీద నా పక్కన కూర్చుని, కాస్త దూరంలో పంపు దగ్గర గ్లాసులు కడుగుతున్న తన కూతుర్ని చూస్తూ మెల్లగా అంది.

"నీ మొక్కల్లో గుణాలు తల్లినించి దిగుతాయంటావు గదా. ఇదీ అంతేనా?"

"దిగొచ్చక్కా. దిగకపోనూవచ్చు."

"సగం సగమా?"

"సగం సగమే."

పిల్ల గ్లాసులు తెచ్చి ఇస్తే, తడి చేతులు తన కొంగుతో తుడిచి, ఆ చేతుల్ని చాలాసేపు వదల్లేదు. మొక్కలనైతే దోమల మధ్య పెట్టి తేల్చుకునేవాళ్లం. మనిషి సంగతి తేల్చే దారి అప్పుడు మా ఎవరికీ లేదు.

ఆ శీతాకాలమే ఆ మొక్క దొరికింది. గుడారంలో పచ్చగా నిలబడింది, ఎర్రగా కాసింది. పండు కొరికిన నాకు చేదు తగల్లేదు. నా నాలుకను నేను నమ్మక, పళ్లు గుడ్డలో చుట్టుకుని పరుగున ఆగిరిపల్లి వెళ్లాను. గుమ్మంలోనే బావగారు ఆపి, "ఆ సూదిమందులు మొదలెట్టాక దానికి రుచి తెలవట్లేదమ్మా. మంచినీళ్లు కూడా ఇనప కంపంటంది" అన్నారు, మొహం పక్కకి తిప్పుకుని.

అక్క మంచం మీద లేచి కూర్చుంది. పండు తీసుకుని, అలవాటుగా కొంగుతో తుడిచి, కొరికి, కళ్లు మూసుకుంది. ఎంతసేపో నమిలింది. "బాగుందే" అంది. ఆ మాట కోసమే కదా అన్నేళ్లు తిరిగాను. తీరా విన్నాక తలెత్తి ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. నాకు తెలిసిపోయిందని ఆవిడకీ తెలిసింది. కూతుర్ని పిలిచి మిగతా సగం దాని చేతిలో పెట్టింది.

"తిని చెప్పు. చివర్న చేదు తగులుతందా?"

"లేదమ్మా."

"పసరు వాసన?"

"లేదు. పుల్లగా ఉంది. తొక్క పల్చగా ఉంది. మన పాత కాయలాగే ఉందమ్మా."

అక్క పిల్ల మొహాన్నే చూస్తూ విన్నది. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఇత్తనం కట్టు. మన చేలోనే ముందు పెడదాం" అంది.

నారు ఎదిగేలోపే అక్క వెళ్లిపోయింది. బావగారు మాట తప్పలేదు, కొత్తగా వేసిన మామిడి అంట్ల వరసల మధ్య తనే నాటారు. చుట్టుపక్కల చేలన్నీ ముడుచుకుపోయిన ఆ ఏడు, మా చేను ఒక్కటే పచ్చగా నిలిచి విరగకాసింది. కానీ ఆయనకు కోయడానికి చేతులు రాలేదు. అడిగినవాళ్లను కోసుకోమన్నారు; మిగిలినవి పండి, పగిలి, సాళ్లలోనే రాలిపోయాయి. నేను ఆ సాళ్ల మధ్య నిలబడి, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ మొక్క సంతతి చాలా ఊళ్లకు వెళ్లింది. తర్వాత వైరస్ కూడా మారింది, మరొకరు మరో గుణాన్ని వెతికి తెచ్చారు, పాత రకాలు మూలపడ్డాయి. ఇప్పుడు చిటికెడు ఆకు తుంచి పరీక్షకిస్తే తట్టుకునే మొక్క ఏదో చెప్పేస్తున్నారు. మనుషులకూ తల్లి గుణం దిగిందో లేదో నెత్తుటిలో చూసి చెప్పే రోజులొచ్చాయి. అక్క కూతురు ధైర్యంగా వెళ్లి చూపించుకుంది. "పిన్నీ, అమ్మది నాకొచ్చింది" అని అదే ఫోన్ చేసి, నేను ఏడుస్తుంటే నన్ను ఊరుకోబెట్టింది. రోగమేమైనా మొదలైందేమో చూపించుకోవడానికి ఏటా డాక్టరు దగ్గరికి వెళ్తుంది. బయటికి రాగానే మెట్ల మీద నుంచే ఫోన్ చేసి, "ఈసారీ ఏమీ లేదంట పిన్నీ" అంటుంది. మంచిది తల్లీ అంటాను. అక్క బతికిన వయసు దాటి నేను చాలా దూరం వచ్చేశాను. ఈ రోజులే ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే, ఈపాటికి నాకంటే ముందు ఆవిడ తల ముగ్గుబుట్టయి ఉండేది.