ఊపిరి బిగబట్టే అత్త

మా మేనత్త పాల గిన్నె మీద మూత పెట్టాలన్నా మొహం పక్కకు తిప్పుకుని ఊపిరి బిగబడుతుంది. కొత్తవాళ్లు పాలు విరిగి వాసన కొడుతున్నాయేమో అనుకుంటారు. అదేం కాదు, ఉద్యోగం అంటించిన అలవాటు. ఆవిడ మట్టి పరీక్షల కేంద్రంలో పనిచేస్తుంది. నేల మీద డబ్బా అమర్చి మూతపెట్టి, లోపల పోగైన గాలిని సిరంజితో లాగుతుంది. భూమిని వేడెక్కించే వాయువులు ఏ నేల ఎంత వదులుతోందో అలా తేలుస్తారు. మూత పెట్టేటప్పుడు మనిషి ఊపిరి లోపలికి పోయిందా, లెక్క గోవిందా.

మా నాన్నకు పల్లంలో ఓ పొలం ఉంది. ఎప్పుడూ చిత్తడే. ఆకులూ వేళ్లూ పొరలుపొరలుగా పేరుకుపోయిన నల్లమట్టి. కిందటేడు ఆయన ఓ అంచున కాలువ తవ్వి, నీళ్లు పోగొట్టి, ఆ కాస్త నేలచెక్కలో కూరగాయలు వేశాడు. విరగకాశాయి. ఇక ఆగుతాడా! పొలమంతా ఎండగట్టేస్తానని తవ్వే యంత్రానికి కబురు పెట్టాడు.

అత్త గుండెల్లో రాయి పడింది. నీళ్లలో ఉన్నంతకాలం ఆ మట్టి తనలోని కర్బనాన్ని దాచుకుంటుందట. ఆరిందంటే గాలి తగిలి, ఆకులూ వేళ్లూ చివికి, అదంతా వాయువై పైకి పోతుందట. తడినేల మాత్రం పుణ్యాత్మురాలా అంటే అదీ కాదు, అది మీథేన్ వదులుతుంది, రెండూ తూచి చూడాల్సిందే అంది. మా నాన్న వింటేగా! మొండితనానికి ఆయన పెట్టింది పేరు. బతిమాలగా బతిమాలగా పందేనికి దిగాడు. ఎండిన చెక్కే ఎక్కువ వదులుతోందని తేలితే యంత్రం రాదు, లేదంటే చెల్లెలు నోరెత్తకూడదు.

కొలిచే రోజు ఎండ మండిపోతోంది. చెల్లెలు మాడిపోతుందని ఆయనే గొడుగు పట్టుకుని వెంటపడ్డాడు. పందెం కాసినవాడు చేసే పనేనా అది? తడినేల దగ్గర బురదకు జడిసి గట్టునే ఆగాడు. ఎండిన చెక్కలో మాత్రం అత్త భుజం మీదుగా డబ్బా మీదకు వంగి రొప్పుతూ నిలబడ్డాడు. మూత పెట్టేటప్పుడు ఆవిడ మొహం అటు తిప్పుకుంది కదా, చూడనే లేదు.

ఫలితం వచ్చింది. ఎండిన చెక్క బోలెడు వదులుతోందని తేలింది. నాన్న మొహం మాడిపోయినా, మాట మాటే కాబట్టి యంత్రం వద్దని చెప్పడానికి లేచాడు. నేను ఊరుకోవచ్చుగా! నీ రొప్పుకే ఆ డబ్బా నిండి ఉంటుంది నాన్నా అని వేళాకోళమాడాను.

అత్త చేతిలో గ్లాసు కింద పెట్టేసింది. "మూత పెడుతుంటే అక్కడే వంగి ఉన్నావా అన్నయ్యా? అయితే ఈ లెక్క చెల్లదు. మళ్లీ కొలవాలి."

నా నోరు పడిపోను అనుకున్నాను. గెలిచావు కదా, వదిలెయ్యమని ఎంత చెప్పినా వినలేదు. మర్నాడు నాన్నను దగ్గరికి రానివ్వకుండా మళ్లీ కొలిచింది. ఆ ఫలితం వచ్చేదాకా ఆవిడకు తిండి సయించలేదు, కంటిమీద కునుకు లేదు. నాకు ఆవిణ్ణి చూస్తే కోపమూ, కోపాన్ని మించిన ముద్దూ.

ఫలితం వచ్చిన రోజు అత్త కేంద్రం నుంచి నేరుగా పొలానికే వచ్చింది. అక్కడ కాలువ లేదు. నాన్న ఒళ్లంతా మట్టితో, పూడ్చిన చోట పారతో అదుముతున్నాడు. కూరగాయల మొక్కల చుట్టూ అప్పుడే నీళ్లు ఊరుతున్నాయి.

"ఫలితం రాకుండానే ఎందుకు పూడ్చావు? తడినేలే ఎక్కువని వచ్చి ఉంటే?" అని అత్త విరుచుకుపడింది.

నాన్న పార ఆనించి నిలబడ్డాడు. "గెలిచిన పందెం చెల్లదని నీ నోటితో నువ్వే అన్నావు. అలాంటిదానివి ఈ నేలను తడిగానే ఉంచమంటే, ఇంకా నిన్ను రుజువు అడగమంటావా?"

అత్త గట్టు మీద కూలబడి ఏడ్చేసింది. నాన్న పార వదిలేసి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇంతకీ ఏమొచ్చింది?"

"నువ్వే ఓడావు" అంది అత్త, కళ్లు తుడుచుకుంటూ.

"పోనీలే" అన్నాడు నాన్న.